మిషన్లొస్తే సిస్టర్లు అక్కర్లేదా? అపోహలు - వాస్తవాలు

కోనసీమలో ఒక ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుని. జ్వరాల సీజన్లో మా ఓపీ క్యూ వరండా దాటి చెట్టు కిందకి వెళ్తుంది. అక్కడ వినపడే మాటలే ఇవి.

అపోహ: "అన్నీ కంప్యూటర్లే కదండీ సిస్టరమ్మా, ఇంక మీతో పనేముంది?"

వాస్తవం: సెలైన్ పెట్టేదీ కట్టు మార్చేదీ మనిషే. నా డ్యూటీని తినేసేది రాతపని: కేస్ షీట్, మందుల రిజిస్టర్, డ్యూటీ మారేటప్పుడు అప్పగింతలు. అది తగ్గితే ఆ కాసేపూ పేషెంట్ దగ్గర ఉండొచ్చు. కానీ మా దగ్గర కొన్నాళ్లు పుస్తకంలో రాసిందే మళ్లీ కంప్యూటర్లోనూ ఎక్కించమన్నారు. పని తగ్గకపోగా రెట్టింపైంది!

అపోహ: ఆభా అనే ప్రభుత్వ ఆరోగ్య ఖాతా నంబరు తీసుకుంటే మన రోగాలు ఊరందరికీ తెలిసిపోతాయి.

వాస్తవం: ఆ 14 అంకెల నంబరు తీసుకోవడం మీ ఇష్టం. ఏ ఆసుపత్రి రికార్డులు ఆ ఆసుపత్రిలోనే ఉంటాయి, మీరు ఒప్పుకుంటేనే వేరే డాక్టరుకి కనిపిస్తాయి. లంక గ్రామాల వాళ్లకి ఇది ఎక్కువ అవసరం. 2022 జూలై గోదావరి వరదలో గొడ్లనీ పిల్లల్నీ గట్టు చేర్చేసరికి చాలామందికి మందుల చీటీలు తడిసిపోయాయి. "తెల్ల మాత్రండీ, పొద్దున్నే ఒకటి" అంటే ఏం మాత్రని ఇవ్వాలి?

అపోహ: ఫోన్లో వైద్యం ఉత్తుత్తిది.

వాస్తవం: ఈ-సంజీవని అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వైద్య సేవలో పల్లె క్లినిక్ సిబ్బంది పక్కనుండి, బీపీ చూసి, డాక్టరుతో మాట్లాడిస్తారు. పాత బీపీ, షుగర్ మందులు కొనసాగించడానికి బాగానే పనికొస్తుంది. కడుపునొప్పికి మాత్రం పొట్ట నొక్కి చూడాల్సిందే. పాము కరిస్తే వీడియో కాల్ కాదు, 108.

అపోహ: "గుండెనొప్పికి ఇక్కడేం చేస్తారండీ, తిన్నగా కాకినాడ పోవాలి."

వాస్తవం: ఈ మాట వింటే నాకు టెన్షన్. అమలాపురం నుంచి కాకినాడ సుమారు 60 కిలోమీటర్లు, దారి పొడుగునా గుండె కండరం చచ్చిపోతూనే ఉంటుంది. ఛాతీనొప్పి వస్తే 10 నిమిషాల్లో ఈసీజీ తీయాలన్నది నియమం. ఆ ఈసీజీని పెద్దాసుపత్రిలో గుండె డాక్టరు ఫోన్లోనే చూసి, రక్తనాళం మూసుకుపోయిందని తేలితే, రక్తస్రావం ప్రమాదం లేనివాళ్లకి రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ దగ్గర్లోనే ఇవ్వొచ్చు. ఆ తర్వాత కాకినాడ పంపొచ్చు.

అయితే ఆ వైర్లు ఛాతీకి అతికించడానికి రాత్రి రెండింటికి ఒక మనిషి ఖాళీగా ఉండాలి. మొన్న నైట్ డ్యూటీలో వార్డుకి నేనొక్కదాన్నే.