కత్తెర ఎరగని గొర్రె

ఉదయగిరి మెట్టల్లో జీవాలు తోలుకెళ్లే కాపరి చేతిలో కర్ర ఉంటుంది, కొమ్మలు దించే దోటి ఉంటుంది. ఉన్ని కత్తెర మాత్రం కనబడదు. నెల్లూరు గొర్రెకు దానితో పనే లేదు. రొమ్ము దగ్గర, భుజాల మీద, తొడల వెనక కొద్దిపాటి బొచ్చు తప్ప ఒళ్లంతా మేకకున్నట్టు పొట్టి వెంట్రుకలే. మనకిది మామూలు సంగతి. ఇలాంటి గొర్రె కోసం వేరే దేశాల రైతులు దశాబ్దాలు కష్టపడ్డారు.

అసలు అడవి గొర్రెను ఎవరూ కత్తిరించరు. పైన గరుకు వెంట్రుక, కింద చలికి మెత్తని ఉన్ని. చలికాలం పోయి పగటి పొద్దు పెరగగానే ఒంట్లో హార్మోన్లు మారి, ఆ ఉన్ని పేలికలుగా ఊడిపోతుంది. మనిషి వేల ఏళ్లుగా ఉన్ని రాల్చని జీవాలనే ఏరి పెంచాడు. అందుకే మెరినో లాంటి జాతుల్లో ఉన్ని ఏడాది పొడవునా పెరుగుతూనే ఉంటుంది. కత్తిరించకపోతే ఆ బరువుకూ వేడికీ జీవం అల్లాడిపోతుంది. తోక చుట్టూ పేడతో తడిసిన ఉన్నిలో ఈగలు గుడ్లు పెడితే, పురుగులు దాని ఒంటినే తినేస్తాయి.

సింథటిక్ దారాలు వచ్చాక ముతక ఉన్నికి ధర పడిపోయింది. బ్రిటన్‌లో చాలా మందలకు కత్తిరింపు కూలి కూడా గిట్టడం లేదు. వేల్స్ రైతు యోలో ఓవెన్ 1960లలోనే, తనంతట ఉన్ని రాల్చే విల్ట్‌షైర్ హార్న్ జాతిని వెల్ష్ కొండ గొర్రెలతో దాటించి 'ఈజీకేర్' జాతికి దారి వేశాడు. అమెరికాలో మైకేల్ పీల్ 1957లో కరీబియన్ దీవుల నుంచి వెంట్రుక గొర్రెలు తెప్పించాడు. అవే 'కటాడిన్' జాతికి మూలం. ఇలాంటి సంకరంలో మొదటి తరం పిల్లలు చాలావరకు సగం సగమే రాలుస్తాయి. బాగా రాల్చిన వాటినే ఏరుకుంటూ తరాలు గడపాలి.

మన నెల్లూరు గొర్రెలోని పల్ల, జోడిపి, దొర రకాలు ఈ పని ఎప్పుడో దాటేశాయి. తెల్లనిది పల్ల, ఎర్రనిది దొర, తెలుపు మీద మూతికీ కళ్లకీ నల్ల మచ్చలున్నది జోడిపి. పొడుగులో దేశంలోని గొర్రెలన్నిటికంటే ముందుంటాయి. తోక చిన్నది, కోసే బాధ లేదు. కార్తీక మాసపు వానలో తడిసినా ఒళ్లు త్వరగా ఆరుతుంది. అలాగని కడుపు పురుగులకు వేసే నట్టల మందూ, నీలినాలుక జబ్బుకు వేసే టీకా మానేస్తే కుదరదు.

నా దిగులల్లా విత్తనపు పొట్టేలు గురించే. బాగా ఎదిగిన పిల్ల ముందే సంతకు పోతే, మిగిలిపోయిన నాసి పొట్టేలే మందకు తండ్రి అవుతుంది. అదే పొట్టేలు ఏళ్ల తరబడి ఉంటే సొంత కూతుళ్లనే దాటుతుంది. కాబట్టి అమ్మకానికి ముందే, ఏటా ఈని పిల్లను బాగా సాకిన తల్లి కడుపున పుట్టిన ఒకటి రెండు పొట్టేలు పిల్లల చెవికి పోగు వేసి పక్కన పెట్టుకోవాలి. ఎదిగాక వాటిని ఇంకో ఊరి మందతో మార్చుకోవాలి.