మొదట్లోనే తిరస్కరించిన దావా అప్పీలులో మళ్లీ ఎందుకు లేస్తుంది?

కర్నూలు, అనంతపురం, కడప కోర్టుల్లో ఏ భూమి దావాలోనైనా ప్రతివాది చేతిలో ఒక అస్త్రం ఉంటుంది: ప్లెయింటును (వాది వేసిన దావా పత్రాన్ని) తిరస్కరించమని ఆర్డర్ 7 రూల్ 11 కింద ఐఏ (మధ్యంతర దరఖాస్తు) వేయడం. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ ఇచ్చిన అధికారమిది. దావాకు కారణమే కనబడకపోయినా, ప్లెయింటులో రాసినదాన్ని బట్టే చట్టం అడ్డొచ్చినా సాక్ష్యం దాకా పోనక్కర్లేదు. పసలేని దావాలను మొదట్లోనే తుంచేయమని 1977లో అరివందందం కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. 2002లో సలీంభాయ్ కేసు హద్దు గీసింది: చూడాల్సింది ప్లెయింటునే, ప్రతివాది జవాబుగా వేసే రిటన్ స్టేట్‌మెంటును కాదు.

ఉత్తర్వులు చెడేది ఈ హద్దు దగ్గరే. ధర్మవరం దగ్గర ఉమ్మడి పొలాన్ని అన్న 2015లో అమ్మేశాడనుకుందాం. పొలం తన సాగులోనే ఉందనీ, 2023లో కొన్నవాళ్లు కంచె వేయడానికి వస్తే ఈసీ (ఆస్తి లావాదేవీల రిజిస్ట్రేషన్ ధ్రువపత్రం) తీసి చూశాననీ తమ్ముడు ప్లెయింటులో రాశాడు. దస్తావేజు రద్దుకు లిమిటేషన్ (కాలపరిమితి) చట్టం ఆర్టికల్ 59 ప్రకారం మూడేళ్లు, అదీ సంగతి తెలిసిన నాటి నుంచి. ‘అతనికి ముందే తెలుసు’ అనేది ప్రతివాది మాట. దాన్ని నమ్మి తిరస్కరిస్తే, ఒక్క సాక్షినీ విచారించకుండా వాస్తవం తేల్చేసినట్టే. అప్పీలు కోర్టు సరిదిద్దాల్సిన తప్పు అదే. అలాగని అన్ని తిరస్కరణలూ తప్పు కావు. వాదులు తామే 2009లో రాసిచ్చిన సేల్ డీడ్‌ను రద్దు చేయమని 2014లో వేసిన దావాను తిరస్కరించడం సరైనదేనని 2020లో దహిబెన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. తెలిసిన తేదీ రాయకుండా ‘ఈ మధ్యే తెలిసింది’ అని సరిపెట్టే ప్లెయింటుకూ ముప్పే.

సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 2(2) ప్రకారం తిరస్కరణ డిక్రీతో (దావాలో తుది తీర్పుతో) సమానం. కాబట్టి రివిజన్ (హైకోర్టును పునఃపరిశీలన కోరే పిటిషన్) కాదు, సెక్షన్ 96 కింద అప్పీలు వేయాలి: జిల్లా కోర్టుకైతే 30 రోజులు, హైకోర్టుకైతే 90. ఐఏను కొట్టేస్తే ప్రతివాదికి మిగిలేది రివిజనే. తిరస్కరణ తర్వాత వాది కొత్త ప్లెయింటు వేసుకోవచ్చని ఆర్డర్ 7 రూల్ 13 అంటుంది గానీ, అప్పటికి కాలపరిమితి దాటితే ఆ వెసులుబాటుతో ఒరిగేదేమీ లేదు. హైకోర్టు ఒకప్పుడు గుంటూరు, తర్వాత హైదరాబాద్, 2019 నుంచి అమరావతి. సీమ కక్షిదారుకు ఎప్పుడూ దూరమే.

అప్పీలు నెగ్గితే దావా గెలిచినట్టు కాదు. ఆర్డర్ 41 రూల్ 23 కింద అది పాత నంబరుతోనే రిజిస్టరులోకి తిరిగి వస్తుంది. కాలపరిమితి వాదనా బతికే ఉంటుంది, ఇష్యూగా (కోర్టు తేల్చాల్సిన వివాదాంశంగా) మారి సాక్ష్యంతో తేలుతుంది. ఒక్క జాగ్రత్త: తాత్కాలిక ఇంజంక్షన్ (నిలుపుదల ఉత్తర్వు) ఉంటే ప్లెయింటుతోపాటే పోతుంది. అప్పీలుతోపాటే దానికి మళ్లీ ఐఏ వేయాలి, లేకపోతే ఈలోగా పొలం ఇంకో చేతికి మారవచ్చు.