నీటికాకి రెక్కలు ఎందుకు ఆరేసుకుంటది?

బీచుపల్లి కాడ కృష్ణ ఒడ్డు పొంటి పొద్దుగాల నడుస్తుంటే నీళ్ల నడుమ బండ మీద ఒక నల్లటి పిట్ట రెక్కలు రెండూ బార్లా చాపి నిలబడ్డది, ఈకల కొసల నుంచి నీళ్లు బొట్లు బొట్లుగ బండ మీద పడుతున్నయి. పక్కన నడుస్తున్న పెద్దాయన "సూర్యుడికి దండం పెడుతుంది బిడ్డా" అన్నడు. మా అక్క కొడుకేమో "మామా, బాతు కూడా నీళ్లల్లనే ఉంటది కదా, అది ఇట్ల ఎందుకు ఆరేసుకోదు?" అని అడిగిండు. మస్తు మంచి ప్రశ్న. లకుముకి పిట్టలు, కొంగలు కూడా కనబడ్డయి గానీ ఇయ్యాల వాటి జోలికి పోను.

అది చిన్న నీటికాకి. మనోళ్లు బాయిల ఈత నేర్చుకునేటప్పుడు నడుముకు బెండ్లు కడతరు కదా, ఆ బెండ్లతోని బాయి అడుగున ఉన్న రాయి తెమ్మంటే ఏ పిల్లగాడన్నా తేగలడా? ఎంత కాళ్లు కొట్టుకున్నా నీళ్లు మీదికే లేపుతయి. బాతు అంటే ఒళ్లంతా బెండు కట్టుకున్న పిట్ట, ఈకల సందుల గాలి పొర ఉంటది, నీళ్లు లోపలికి రావు. 100 మిల్లీలీటర్ల గాలి నీళ్లల్ల దాదాపు 100 గ్రాముల బరువును మోస్తది, అర కిలో అటూ ఇటూ తూగే నీటికాకికి అది ఒంటి బరువుల ఐదో వంతు, అంత బెండుతోని చేప వెంట పడితే సత్తువంతా మునిగి ఉండనీకే అయిపోతది.

అందుకే దీని ఈకల కట్టుబడే వేరే. ఈక అంచుల పోగులు వదులుగ ఉంటయి, నీళ్లు తాకంగనే తడుస్తయి, గాలి బయటికి పోతది. నడుమ భాగం మాత్రం దగ్గరగ అల్లుకొని ఉంటది, అక్కడ నీళ్లు దూరవు, ఒంటిని అంటుకొని పల్చటి గాలి పొర మిగిలి చలి ఆపుతది. నీటికాకికి ఈకలకు పూసుకునే నూనె గ్రంథి లేదని, అందుకే తడుస్తదని పిల్లలకు చెప్తుంటరు, అది తప్పు, తోక మొదట్ల గ్రంథి ఉంది. దోమతెరకు ఎంత నూనె రాసినా గొడుగు బట్ట అయితదా? తేడా అల్లికల ఉంది. టీచర్లు దయచేసి ఇది సరిగ్గ చెప్పాలె.

ఇంకో సంగతి. 10 మీటర్ల లోతుల పీడనం రెండింతలైతది, గాలి సగానికి నలుగుతది, అంటే బెండు కూడా సగమే. అదే 2 మీటర్ల నీళ్లల్ల పీడనం 1.2 రెట్లే, గాలి తగ్గేది ఆరో వంతు. లోతు తక్కువున్న కాడనే బెండు ఎక్కువ సతాయిస్తది, మన నీటికాకి వేట ఎక్కువగ అట్లాంటి నీళ్లల్లనే.

ఇగ తడిసినంక ఆరాలె, ఎండా గాలీ రెండూ కావాలె, పెద్దాయన సూర్యుణ్ణి తలిచింది ఉత్తగ పోలేదు. ఎగరనీకే ఆరేసుకుంటదా అంటే, అదొక్కటే కారణం కాదు, పసిఫిక్ సముద్రంల ఉన్న గాలపాగోస్ దీవుల్లో అసలు ఎగరలేని నీటికాకి ఉంది, అది కూడా బయటికొచ్చి తన పొట్టి రెక్కలు చాపుతది!

కాసేపటికి మా పిట్ట రెక్కలు ముడిచి నీళ్లల్లకి జారింది, మునిగిన కాడ బుడగలు లేచినయి. "మామా, బెండు విప్పింది" అన్నడు పిల్లగాడు.