కుందేలు పిల్లకు మోషన్స్: అపోహలు - వాస్తవాలు

విజయవాడలో నా దగ్గరికి వైద్యానికి వచ్చే కుందేలు పిల్లల్లో ఎక్కువ శాతం కడుపు సమస్యతోనే వస్తాయి. కొన్ని మరీ ఆలస్యంగా వస్తాయి. పెంచేవాళ్లు నిర్లక్ష్యం చేశారని నేను అనను. ఎవరో చెప్పిన మాట నమ్మి, రెండు రోజులు ఇంట్లోనే ఏదో ఒకటి పెట్టి చూసి ఉంటారు. ఆ రెండు రోజులే ప్రాణం మీదికి తెస్తాయి.

అపోహ: మెత్తగా వెళ్లిందంటే మోషన్సే.

వాస్తవం: కుందేలుకు పెంటికలు రెండు రకాలు. గుండ్రంగా, పొడిగా, నలిపితే గడ్డి పీచు కనిపించేవి మనం రోజూ ఊడ్చేవి. రెండో రకం మెత్తగా, నల్లగా మెరుస్తూ, చిన్న ద్రాక్షగుత్తిలా అతుక్కుని ఉంటాయి. వాసన ఘాటుగా ఉంటుంది. కుందేలు పేగుల్లో సీకమ్ అనే పెద్ద సంచి ఉంటుంది. అందులోని మేలుచేసే సూక్ష్మజీవులు ఆహారాన్ని పులియబెట్టగా తయారయ్యేవే ఈ గుత్తులు. వీటిలో ప్రొటీన్, బి విటమిన్లు ఉంటాయి. కుందేలు వీటిని నేరుగా నోటితో అందుకుని తినేస్తుంది, అదీ ఎక్కువగా రాత్రిపూట, తెల్లవారుజామున. అలా తినడం దానికి అవసరం, దయచేసి అదిలించకండి.

ఈ గుత్తులు తినకుండా వదిలేస్తూ, తోక కింద అంటించుకుంటూ, మరోపక్క గట్టి పెంటికలు కూడా వేస్తుంటే తిండిలో తేడా ఉన్నట్టే. పెల్లెట్లు (కుందేళ్ల కోసం అమ్మే గుళికల దాణా), పండ్లు, బిస్కెట్లు ఎక్కువై గడ్డి తగ్గినప్పుడు ఇలా అవుతుంది. తీపి ఆపి గడ్డి పెంచితే చాలావరకు సర్దుకుంటుంది. అంటుకున్నది మాత్రం రోజూ తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టండి. అక్కడ ఈగలు గుడ్లు పెడితే పురుగులు పడతాయి.

గట్టి పెంటికలు పూర్తిగా ఆగిపోయి నీళ్లలా, జిగటగా వెళ్తుంటే అది అసలైన విరేచనం. రెండు నెలల పిల్లకు ఇది గంటల వ్యవహారం. రాత్రి చూసి ‘పొద్దున తీసుకెళ్దాంలే’ అనుకోవద్దు.

అపోహ: నెల పిల్ల గడ్డి కొరుకుతోంది కదా, తల్లి నుంచి వేరు చేయొచ్చు.

వాస్తవం: మూడు వారాలకే కొరకడం మొదలుపెడుతుంది. అయినా ఎనిమిది వారాలు తల్లి దగ్గరే ఉండాలి. పెద్ద కుందేలు పొట్టలో బలమైన ఆమ్లం క్రిములను చంపేస్తుంది, పిల్లకు అది ఇంకా తయారుకాదు. అప్పటిదాకా తల్లిపాల నుంచి పొట్టలో పుట్టే కొవ్వు ఆమ్లాలే కాపలా. నెలకే వేరు చేస్తే ఆ కాపలా పోతుంది, సొంత ఆమ్లం ఇంకా రాదు. పైగా ప్రయాణం, కొత్త ఇల్లు, కొత్త తిండి. అరచేతిలో పట్టేంత పిల్ల ముద్దుగా ఉంటుందని కొనకండి, ముందు వయసు అడగండి. తెచ్చాక అక్కడ తిన్నదే పెడుతూ, కొత్తది వారం పది రోజుల్లో కొంచెం కొంచెంగా కలపండి.

అపోహ: నీళ్లు తాగితే కుందేలు చచ్చిపోతుంది.

వాస్తవం: పూర్తిగా తప్పు. ఇరవై నాలుగు గంటలూ మంచి నీళ్లు ఉండాలి. మన మే నెల ఎండల్లో నీళ్లు లేకపోతేనే చచ్చిపోతుంది.

అపోహ: పెరుగన్నం, అరటిపండు పెడితే కట్టేస్తుంది.

వాస్తవం: మనకు కడుతుందేమో గానీ, పిండిపదార్థం, చక్కెర ఎక్కువైతే కుందేలు సీకమ్‌లో చెడ్డ బ్యాక్టీరియా పెరుగుతుంది. గడ్డే మందు. ప్యాకెట్ హే (ఎండుగడ్డి) కొనలేకపోతే శుభ్రమైన గరిక పెట్టండి. పురుగుమందు కొట్టిన గట్ల మీదిది, కుక్కలు తిరిగే చోటిది మాత్రం వద్దు.

అపోహ: మన చిన్నపిల్లల యాంటీబయాటిక్ సిరప్ నాలుగు చుక్కలు వేస్తే చాలు.

వాస్తవం: నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. అమాక్సిసిలిన్, యాంపిసిలిన్ లాంటివి నోటి ద్వారా ఇస్తే కుందేలు కడుపులోని మంచి సూక్ష్మజీవులు చచ్చి, క్లాస్ట్రీడియం అనే చెడ్డ బ్యాక్టీరియా పెరిగి విషం వదులుతుంది. మామూలు మోషన్స్‌తో బతకాల్సిన పిల్ల మందుతో పోతుంది. ఒకసారి ఒక తల్లి, ‘మా బాబుకి రాసిందే కదండీ, మంచిదే అనుకున్నా’ అని ఏడ్చింది. ఆమె తప్పేమీ లేదు, చెప్పినవాళ్లు లేరంతే. మన మోషన్స్ మాత్రలు కూడా ఇవ్వకండి.

అపోహ: బోను ఫినాయిల్‌తో కడుగుతున్నాం, క్రిములుండవు.

వాస్తవం: కుందేలు పిల్లల్లో విరేచనాలకు పెద్ద కారణం కాక్సిడియా అనే పరాన్నజీవి. దాని గుడ్డులాంటి రూపం పెంటికలతో బయటపడి, తేమలో రెండు మూడు రోజుల్లో కుందేళ్లకు సోకే స్థితికి వస్తుంది. మామూలు ఫినాయిల్‌కు అది చావదు. రోజూ పెంటికలు తీసేయడం, మరిగే నీళ్లతో కడిగి ఎండబెట్టడం ముఖ్యం. మందు మాత్రం పెంటికలను మైక్రోస్కోప్ కింద చూశాకే.

మోషన్స్ లేకపోయినా, పన్నెండు గంటలు ఏమీ తినకపోతే అదీ ఎమర్జెన్సీయే. డాక్టరు దగ్గరికి చేరేదాకా పస్తు పెట్టకండి. గడ్డి, నీళ్లు ముందుంచండి, ఒళ్లు చల్లబడితే గుడ్డలో చుట్టి వెచ్చగా ఉంచండి. దగ్గర్లో కుందేళ్లు చూసేవాళ్లు లేకపోతే గన్నవరం వెటర్నరీ కాలేజీలో అడగండి. వచ్చేటప్పుడు తాజా పెంటికలు చిన్న డబ్బాలో మూతపెట్టి తీసుకురండి. బోనులో రెండో పిల్ల ఉంటే, బాగానే కనిపిస్తున్నా సరే, దాన్నీ తీసుకురండి.