స్వచ్ఛంద సంస్థల పద్దులు: 2020 సెప్టెంబరు తర్వాత ఏం మారింది

పన్ను మినహాయింపు కోసం స్వచ్ఛంద సంస్థలకు ఆదాయపు పన్ను చట్టం కింద 2021 ఏప్రిల్ తర్వాత ఐదేళ్లకు ఇచ్చిన నమోదుల్లో ఎక్కువ వాటికి గడువు 2026 మార్చి 31. వాటి పునరుద్ధరణ మొదలైనప్పటి నుంచి, నల్లగొండ మొదలు నారాయణపేట దాకా దక్షిణ తెలంగాణలో పనిచేసే చిన్న స్వచ్ఛంద సంస్థల్లో పాత తగాదా మళ్లీ రాజుకుంది. లెక్కలన్నీ సాఫ్ట్‌వేర్‌లో ఉండాలని, ప్రతి చెల్లింపూ బ్యాంకు ద్వారానే పోవాలని, ఏ రోజు పద్దు ఆ రోజే ఎక్కాలని నిధులిచ్చే కంపెనీలూ ఆడిటర్లూ పట్టుబడుతున్నారు. ఖర్చు జరిగే ఊళ్లో బిల్లు పుస్తకం ఉన్న దుకాణమే ఉండదని, ఆ పని చేయడానికి పెట్టుకోవలసిన అకౌంటెంట్ జీతం ఎవరూ ఇవ్వడం లేదని సంస్థలు అంటున్నాయి. ఈ తగాదాను పాతకాలం మనుషులకూ కొత్త యంత్రాలకూ మధ్య జగడంగా చెప్పడం సులువే గాని, జరిగింది అది కాదు.

టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ వచ్చిన కథ అందరికీ తెలిసిందే. నగదు పుస్తకం ఏడాది పొడుగునా చేత్తో రాసేవారు. మార్చి దాటాక ఆ పుస్తకాన్ని, వోచర్ ఫైళ్లను సంచిలో పెట్టుకుని పట్నంలో ఆడిటర్ దగ్గరికి వెళ్తే, అక్కడి కుర్రాడు నాలుగు రోజులు కూర్చుని పద్దులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించేవాడు. ఆరంభ నిల్వ, ముగింపు నిల్వ కలిశాయా లేదా అన్నదే పెద్ద ప్రశ్న. కలవని చోట సంస్థ కార్యదర్శి పక్కనే కూర్చుని ఇది ఫలానా ఊరి బోరు మరమ్మతు, ఇది ఫలానా పిల్లల బస్సు కిరాయి అని విప్పి చెప్పేవారు. యంత్రం వచ్చినా లెక్క ఒక మనిషి మరో మనిషికి చెప్పుకునేదిగానే చాలా ఏళ్లు మిగిలింది.

అది మారింది 2020 సెప్టెంబరు 29న, విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి చేసిన సవరణ అమల్లోకి వచ్చిన రోజున. ఆ సవరణ గురించి రాసినవాళ్లు ఎక్కువగా ఢిల్లీ ఖాతా గురించే రాశారు. విదేశీ విరాళం ఏదైనా ముందుగా సంసద్ మార్గ్‌లోని స్టేట్ బ్యాంక్ న్యూఢిల్లీ ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాకే రావాలి. అక్కడి నుంచి స్థానిక బ్యాంకు ఖాతాకు మళ్లించుకుని ఖర్చు పెట్టుకోవచ్చు. ఖాతాలు తెరవడానికి మొదట 2021 మార్చి 31 దాకా, తర్వాత జూన్ 30 దాకా గడువు ఇచ్చారు. కరోనా కాలంలో అచ్చంపేట అంచున ఉన్న సంస్థ ఢిల్లీలో ఖాతా తెరవడం ఎంత యాతనో ఊహించుకోవచ్చు. కానీ అది ఒక్కసారితో తీరిపోయే యాతన. అదే సవరణలోని మరో రెండు నిబంధనలే ఈనాటి తగాదాకు మూలం.

మొదటిది, విదేశీ విరాళం అందుకున్న సంస్థ దాన్ని మరో సంస్థకు బదిలీ చేయకూడదన్న నిషేధం. అంతకు ముందు హైదరాబాద్‌లోనో ఢిల్లీలోనో ఉన్న పెద్ద సంస్థ నిధి తెచ్చి, చట్టం కింద నమోదైన చిన్న సంస్థలకు పంచేది. నిధితో పాటు లెక్కల కట్టుబాటు కూడా ఆ పెద్ద సంస్థ నుంచే వచ్చేది. దాని అకౌంటెంట్లు మూడు నెలలకోసారి వచ్చి వోచర్లు చూసి, తప్పులు దిద్ది, పద్దులు ఏ శీర్షిక కింద రాయాలో నేర్పి వెళ్లేవారు. పాలమూరు వలస కూలీల మధ్య, నల్లగొండ ఫ్లోరైడ్ గ్రామాల్లో పనిచేసిన చిన్న సంస్థలకు లెక్కల బడి అంటే అదే. నిషేధంతో నిధి ఆగింది, ఆ బడి కూడా మూతపడింది. లెక్కలు దాఖలు చేసే ఆన్‌లైన్ పోర్టళ్లు ఒకదాని వెంట ఒకటి వచ్చేసరికి వాటిని ఎలా నింపాలో చెప్పే పెద్దదిక్కు లేకుండా పోయింది.

రెండోది, పరిపాలనా ఖర్చు మీద పరిమితి. విదేశీ విరాళంలో 50 శాతం దాకా ఉన్న ఈ పరిమితిని 20 శాతానికి తగ్గించారు. నిబంధనల ప్రకారం నిధుల లెక్కలు రాయించుకోవడానికి అయ్యే ఖర్చు, నివేదికలు రాసి దాఖలు చేయడానికి అయ్యే ఖర్చు, న్యాయ సలహాల రుసుములు, కార్యాలయ అద్దె అన్నీ పరిపాలనా ఖర్చే. అంటే లెక్కల పని ఎప్పుడూ లేనంత పెరగబోయే ముందు, ఆ పనికి పెట్టుకోగల డబ్బును సగానికి పైగా కోసేశారు. సాఫ్ట్‌వేర్ కొనండి, చదువుకున్న అకౌంటెంట్‌ను పెట్టుకోండి అని ఇవాళ చెబుతున్నవారు ఈ వరుసను గుర్తు పెట్టుకోవాలి.

ప్రభుత్వం చెప్పిన కారణం కూడా ఇక్కడ చెప్పాలి. 2010 నుంచి 2019 నాటికి విదేశీ విరాళాల రాక దాదాపు రెట్టింపయిందని, చాలా సంస్థలు వార్షిక లెక్కలు దాఖలు చేయలేదని, 2011-2019 మధ్య 19,000కు పైగా సంస్థల నమోదు రద్దు చేయవలసి వచ్చిందని సవరణ బిల్లు ఉద్దేశాల్లో పేర్కొన్నారు. సవరణలను సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్ 8న సమర్థించింది. పదవుల్లో ఉన్నవారి గుర్తింపునకు ఆధార్ బదులు పాస్‌పోర్టు ఇవ్వవచ్చన్న మేరకు మాత్రమే సడలించింది.

విదేశీ నిధి ముట్టని సంస్థలు తమకు ఇది తగలదనుకున్నాయి. రెండేళ్లలో వాటి వంతు కూడా వచ్చింది. 2021 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్ను చట్టం కింద ఉన్న పాత నమోదులన్నీ ఆన్‌లైన్‌లో మళ్లీ చేయించుకోవలసి వచ్చింది. కంపెనీల సామాజిక బాధ్యత నిధులు కావాలంటే సీఎస్‌ఆర్-1 ఫారం నింపి సంఖ్య తెచ్చుకోవాలన్న నియమం కూడా అదే రోజు నుంచి మొదలైంది. దాతలకు పన్ను రాయితీ దక్కేలా చేసే 80జీ అనుమతి ఉన్న సంస్థలు 2021-22 నుంచి ప్రతి దాత పేరు, చిరునామా, గుర్తింపు సంఖ్య, ఇచ్చిన మొత్తం, ఇచ్చిన విధానం ఏటా మే 31లోగా ఫారం 10బీడీలో ఎక్కించాలి. ఆలస్యమైతే రోజుకు 200 రూపాయల రుసుము. పుణెలో తాపీ పని చేసే పాలమూరు మేస్త్రి తన ఊరి బడికి 500 రూపాయలు పంపి రశీదు తీసుకుంటే, ఆయన పాన్ గాని ఆధార్ గాని అడిగి రాసుకోవడం రశీదు పుస్తకం పట్టుకున్నవారి పని అయింది.

ఆ తర్వాత 2022 ఆగస్టులో ఆదాయపు పన్ను నియమావళిలోకి వచ్చిన 17ఏఏ నిబంధన, సంస్థలు ఏయే పుస్తకాలు ఉంచాలో మొదటిసారి వివరంగా చెప్పింది. నగదు పుస్తకం, ఖాతా పుస్తకం, జర్నల్, తాము ఇచ్చిన బిల్లుల నకళ్లు, తమకు ఇచ్చిన అసలు బిల్లులు, చెల్లింపుల రశీదులు, విరాళాల వివరాలు, ఆస్తుల వివరాలు ఉండాలంది. ఈ పుస్తకాలు చేతిరాతలో ఉండవచ్చు, కంప్యూటర్‌లో ఉండవచ్చు అని అదే నిబంధన స్పష్టంగా చెప్పింది. ఈ వాక్యం గురించి తగాదాలో ఎవరూ మాట్లాడకపోవడం ఆశ్చర్యం కలిగిస్తుంది. చేతిరాత పుస్తకం చట్టవిరుద్ధం కాదు. కానీ 2023లో కొత్తగా వచ్చిన 10బీ, 10బీబీ ఆడిట్ ఫారాలు ఖర్చులో ఎలక్ట్రానిక్ చెల్లింపు ఎంత, ఇతర మార్గాల్లో ఎంత అని వేరువేరుగా అడుగుతాయి. చేతిరాత నగదు పుస్తకం నుంచి ఆ అంకెలు తీయాలంటే ఏడాది పద్దులన్నీ మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాలి. చట్టం తెరిచి ఉంచిన తలుపును ఫారం ఇలా మూసేసింది.

ఒక వోచర్‌ను దగ్గరగా చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. దేవరకొండ అవతల ఒక తండాలో ఆడవాళ్లకు రోజంతా శిక్షణ జరిగిందనుకుందాం. అరవై మందికి అన్నం, పప్పు, చారు వండిపెట్టేది తండాలోనే ఉండే ఒకామె. పప్పూ నూనె తండా కిరాణంలో తెస్తుంది, బియ్యం, కట్టెలు ఇంటివే. ఆమెకు 6,000 రూపాయలు చేతికి ఇస్తారు. ఐదు వేలు దాటింది గనక వోచర్ మీద రూపాయి రెవెన్యూ స్టాంపు అతికించి, దాని మీద బొటనవేలి ముద్ర వేయిస్తారు, పక్కన సంఘం లీడర్ సాక్షి సంతకం పెడుతుంది. వెనక హాజరు జాబితా కుట్టి ఉంటుంది. ఒక మనిషికి ఒక రోజులో 10,000 రూపాయలు దాటిన నగదు చెల్లింపునే సంస్థ ఆశయాలకు చేసిన ఖర్చుగా లెక్కించరు కాబట్టి, ఆదాయపు పన్ను చట్టం దృష్టిలో ఈ వోచర్‌కు వంక లేదు. కానీ నిధులిచ్చే సంస్థ పంపిన సాఫ్ట్‌వేర్‌లో సరఫరాదారు పాన్, బ్యాంకు ఖాతా, బిల్లు సంఖ్య గడులు నింపకపోతే పద్దు సేవ్ కాదు. వేలిముద్రకు అందులో గడి లేదు. తర్వాతి శిక్షణకు భోజనం దేవరకొండ క్యాటరింగ్ నుంచి ఆటోలో వస్తుంది, బిల్లు ఎక్కువవుతుంది, పద్దు మాత్రం చక్కగా ఎక్కుతుంది. తండాలో వండే ఆమెకు ఆ రోజు పని పోతుంది. లెక్క రాసే పద్ధతి డబ్బు ఎవరి చేతికి పోవాలో కూడా నిర్ణయిస్తోందన్న సంస్థల మాటకు ఇంతకన్న సాక్ష్యం అక్కర్లేదు.

ఇక్కడి సంస్థలకు మరో ప్రత్యేకమైన చిక్కు ఉంది. 2001లో సంఘాల నమోదుకు కొత్త చట్టం వచ్చేదాకా తెలంగాణలో సంస్థలు నిజాం కాలపు ఫసలీ సంవత్సరం 1350 నాటి చట్టం కింద నమోదయ్యేవి. ఆ పత్రాల మీద ఉన్న చిరునామా అప్పటి ఉమ్మడి జిల్లాది. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజనతో కొల్లాపూర్ సంస్థ నాగర్‌కర్నూల్‌కు, తుంగతుర్తి సంస్థ సూర్యాపేటకు పోయాయి, 2019 ఫిబ్రవరిలో నారాయణపేట వేరుపడింది. పాన్‌లో ఒక జిల్లా, స్వచ్ఛంద సంస్థల వివరాలు ఉండే నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో మరో జిల్లా, నమోదు పత్రం మీద ఆంధ్రప్రదేశ్ అని ఉంటే, కార్యాలయం కదలకుండా ఉన్న చోటే ఉన్నా దరఖాస్తుదారు వివరణ ఇచ్చుకోవాలి.

ఆడిటర్ల వాదన చిన్నదే గాని తేలిగ్గా తీసిపారేయదగ్గది కాదు. 2019 నుంచి వారు సంతకం చేసే ప్రతి ఆడిట్ నివేదిక మీదా ప్రత్యేక సంఖ్య ఉంటుంది, దాని బాధ్యత వారి మెడకే చుట్టుకుంటుంది. కంపెనీల చట్టంలోని 8వ సెక్షన్ కింద నమోదైన లాభాపేక్ష లేని కంపెనీలకైతే, అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ వాడితే దాంట్లో ప్రతి మార్పు ఆనవాలూ చెరగకుండా నిలవాలన్న నియమం 2023 ఏప్రిల్ 1 నుంచే ఉంది.

సాంకేతికత చేసిన మేలు కూడా ఉంది. డబ్బు నేరుగా ఖాతాలో పడటం వల్ల క్షేత్ర కార్యకర్త సంచిలో వేల రూపాయలు పెట్టుకుని బస్సులు ఎక్కే ప్రమాదం తప్పింది. లెక్కలన్నీ స్థాపకుడి తలలోనే ఉండే రోజులు పోయి, కమిటీలోని మిగతావారు కూడా నెల తిరక్కుండా నిల్వ ఎంతుందో చూడగలుగుతున్నారు. దాతకు పోర్టల్ నుంచే ధ్రువపత్రం రావడంతో ఇవ్వని విరాళానికి రశీదులు అమ్ముకునే దందాకు అడ్డు పడింది. ఈ మేలును సంస్థల వాళ్లే ముందుగా ఒప్పుకుంటారు. వారి అభ్యంతరమంతా ఆ భారం ఎవరి మీద పడిందన్న దాని మీదే.

ఆదాయం 5 కోట్ల రూపాయలు దాటని సంస్థలకు నమోదు గడువును ఐదేళ్ల నుంచి పదేళ్లకు పెంచుతూ 2025 ఆర్థిక చట్టం కొంత ఊరట ఇచ్చింది. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలుకు నిర్దేశించిన కొత్త ఆదాయపు పన్ను చట్టం ఈ సంస్థలకు సంబంధించిన నిబంధనలను ఒకే చోటికి తెచ్చింది. దరఖాస్తు చేసే పని పదేళ్లకోసారికి తగ్గినా, పద్దు ఎక్కించే పని రోజువారీదే. అకౌంటెంట్ జీతాన్ని కార్యక్రమ ఖర్చులో కలపాలన్న సంస్థల కోరిక, నగదు చెల్లింపు ఉన్న ఊళ్లకు సాఫ్ట్‌వేర్‌లో వేలిముద్ర రశీదుకు చోటు పెట్టాలన్న కోరిక రెండూ ఇంకా నిధులిచ్చేవారి బల్ల మీదే ఉన్నాయి.

మరో ప్రశ్న ఇప్పటిదాకా పెద్దగా చర్చకు రాలేదు. 17ఏఏ నిబంధన ప్రకారం పుస్తకాలు నమోదిత కార్యాలయంలోనే ఉండాలి, వేరే చోట ఉంచితే కమిటీ తీర్మానం చేసి ఏడు రోజుల్లోగా అధికారికి తెలపాలి. సంబంధిత మదింపు సంవత్సరం, అంటే ఆ లెక్కల ఏడాదికి తర్వాతి ఆర్థిక సంవత్సరం, ముగిసిన నాటి నుంచి పదేళ్లు వాటిని భద్రపరచాలి. ఈ లెక్కన 2022-23 ఏడాది పద్దులు 2034 మార్చి 31 దాకా ఉండాలి. చాలా సంస్థల పద్దులు ఇప్పుడు హైదరాబాద్‌లోని ఆడిటర్ కార్యాలయం ఏటా చందా కట్టే సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయి. ప్రాజెక్టు ముగిసి, నిధి ఆగి, ఆ చందా కట్టేవారు లేనప్పుడు 2034లో ఎవరైనా వచ్చి అడిగితే, వనపర్తి కార్యాలయంలో కార్యదర్శి తీసి చూపించగలిగేది ఇనప బీరువాలో మిగిలిన వోచర్ ఫైళ్లే.