ఆర్ అండ్ బీ నుంచి గాస్పెల్ క్వాయర్‌లోకి: అపోహలు - వాస్తవాలు

అట్లాంటాలో ఆఫ్రికన్ అమెరికన్ల బాప్టిస్టు సంఘం ఒకదానిలో, గాస్పెల్ (ఆఫ్రికన్ అమెరికన్ చర్చిల భక్తి సంగీతం) పాడే క్వాయర్‌లో, అంటే గాయక బృందంలో, ఆల్టో (ఆడవాళ్ల కింది స్థాయి స్వరం) పాడతాను. కొత్తగా చేరినవాళ్లకు పార్టులు, అంటే ఒక్కో గుంపు విడిగా పాడే స్వరాల వరసలు, నేర్పించే పని కూడా నాదే. ఒకప్పుడు క్లబ్బుల్లో, బ్యాండ్లలో ఆర్ అండ్ బీ (రిథమ్ అండ్ బ్లూస్ అనే లోకపు సంగీతం) పాడి వచ్చినవాళ్లు మా వరసల్లో చాలామందే ఉన్నారు. వాళ్ల గురించి మన తెలుగువాళ్లు, ముఖ్యంగా మన చర్చిల్లో పాడే పిల్లలు, నన్ను అడిగే ప్రశ్నల వెనక కొన్ని అపోహలు కనిపిస్తుంటాయి. ఈ పాటంటే నాకు ప్రాణం కాబట్టి తెలిసినంతవరకూ వివరంగా చెప్తాను.

అపోహ: లోకపు పాటలు పాడుకునేవాళ్లు ఒకరోజు మారుమనసు పొంది, అప్పటిదాకా తెలియని గాస్పెల్‌లోకి వస్తారు.

వాస్తవం: చాలామంది విషయంలో ముందు చర్చి, తర్వాత ఆర్ అండ్ బీ, ఆ తర్వాత మళ్లీ చర్చి. గాయని క్యాండీ స్టేటన్‌నే తీసుకోండి. 1940లో అలబామాలో పుట్టిన ఆవిడ, చిన్న వయసులోనే సోదరితో కలిసి జ్యూయెల్ గాస్పెల్ ట్రియోలో ఊరూరా తిరిగి పాడారు. మజిల్ షోల్స్‌లోని ఫేమ్ స్టూడియోలో సోల్ పాటలు (గాస్పెల్ ఛాయ ఉన్న ఆర్ అండ్ బీ) రికార్డు చేయడం ఆ తర్వాతి సంగతి. 1976లో ఆవిడ పాట అమెరికా ఆర్ అండ్ బీ చార్టులో మొదటి స్థానానికి వెళ్లింది. 1980ల మొదట్లో మళ్లీ గాస్పెల్‌కి వచ్చి ఏళ్ల తరబడి అదే పాడారు. ఆవిడ సోల్ పాటల్లో గొంతు కాస్త బీటవారినట్టు వినిపించే చోట్లు ఉంటాయి చూశారా, అవి ట్రియో రోజుల నాటివేనని నా నమ్మకం.

పాటలదీ అదే దారి. 1954లో గాయకుడు రే చార్లెస్ ఒక గాస్పెల్ పాట బాణీ మీద ప్రేమ మాటలు కట్టి రికార్డు చేశారు. సోల్ సంగీతానికి దారి వేసిన రికార్డుల్లో అదొకటి. ఈ రెండు సంగీతాల మధ్య గోడ ఉందనుకునేవాళ్లు ఆ కాలపు పాటలు రెండువైపులవీ పక్కపక్కన పెట్టి వినాలి.

అపోహ: తిరిగొచ్చినవాళ్లను సంఘాలు సంతోషంగా చేర్చుకున్నాయి.

వాస్తవం: అందరికీ అలా జరగలేదు. థామస్ డోర్సీ ‘జార్జియా టామ్’ పేరుతో బ్లూస్ అనే లోకపు పాటలకు పియానో వాయించినవాడు, గాయని గెర్‌ట్రూడ్ రెయినీ బృందంలో పనిచేసినవాడు. ఆయన గాస్పెల్ పాటల్లో బ్లూస్ వాసన ఉందని చాలా పెద్ద చర్చిలు మొదట్లో గుమ్మం దగ్గరే ఆపేశాయి. 1932లో ప్రసవంలో భార్య పోయింది, వెంటనే పసివాడూ పోయాడు. ఆ దుఃఖంలోంచి ఆయన రాసిన పాట ఇప్పటికీ ఇక్కడ ప్రతి సమాధి కూడికలోనూ వినిపిస్తున్నట్టే ఉంటుంది. చికాగోలో పిల్‌గ్రిమ్ బాప్టిస్టు చర్చి కోరస్‌ను ఆయన దశాబ్దాలపాటు నడిపించారు. ఈరోజు మేం నిలబడి పాడే పద్ధతికి పునాది వేసిన పెద్దల్లో ఆయన ముఖ్యుడు.

అపోహ: ఆర్ అండ్ బీ గొంతున్నవాళ్లకు క్వాయర్ చాలా తేలిక.

వాస్తవం: నా అనుభవంలో వాళ్లకే కష్టం. ఆర్ అండ్ బీలో గాయని మైకు తనదనుకుని పాడాలి. ఒక్క అక్షరం మీద గొంతును మెట్లు మెట్లుగా జార్చే ‘రన్స్’ అక్కడ ఆమె సంతకం. క్వాయర్‌లో పదిమంది ఆల్టోలు ఎవరి రన్స్ వాళ్లు తీస్తే పార్టు చెదిరిపోతుంది. బ్యాండులో లీడ్, అంటే ముఖ్య గాయనిగా, పాడి వచ్చిన ఒకావిడను మొదటి ప్రాక్టీసులో మా డైరెక్టర్ ఇద్దరు పాత ఆల్టోల మధ్య నిలబెట్టి, ‘ఊ’ అనే అచ్చు మీద ఒకే స్వరం పట్టుకోమన్నారు. గొంతు వణకకూడదు, అలంకారాలు వద్దు. కాసేపాగి, “సిస్టర్, మీ పక్కావిడ గొంతు వినిపిస్తోందా?” అని అడిగారు. వినిపించడం లేదని ఆవిడ ఒప్పుకున్నారు. “అయితే మీ గొంతు ఎక్కువైంది” అన్నారాయన. శ్వాస కూడా వంతులవారీగా తీసుకుంటాం. అందరూ ఒకేసారి తీసుకుంటే పాట మధ్యలో ఖాళీ వస్తుంది.

అపోహ: ఆత్మావేశంలో ఏది వస్తే అది పాడేస్తారు, నేర్చుకునేదేమీ ఉండదు.

వాస్తవం: మా క్వాయర్‌లో నొటేషన్ (స్వరాలు రాసిన) కాగితాలు ఉండవు కాబట్టి ఈ అపోహ పుట్టి ఉంటుంది. డైరెక్టర్ పాడి వినిపిస్తారు, పార్టుల వారీగా మేం పట్టుకుంటాం. 1967లో గాస్పెల్ గాయకుడు జేమ్స్ క్లీవ్‌ల్యాండ్ స్థాపించిన గాస్పెల్ మ్యూజిక్ వర్క్‌షాప్ ఆఫ్ అమెరికా ఎన్నో ఏళ్లుగా పెద్ద పెద్ద క్వాయర్లకు పాటలు నేర్పిస్తోంది. సంప్రదాయ గాస్పెల్‌లో మామూలుగా మూడే పార్టులు: సొప్రానో (ఆడవాళ్ల పై స్వరం), ఆల్టో, టెనర్ (మగవాళ్ల పై స్వరం). అడుగు స్వరం బేస్ గిటారు, ఆర్గన్ పెడల్ చూసుకుంటాయి.

మన స్వరాల్లో చెప్తే, టెనర్లు స, ఆల్టోలు గ, సొప్రానోలు ప పాడుతున్నారనుకోండి. డైరెక్టర్ అరచెయ్యి పైకెత్తగానే టెనర్లు గ, ఆల్టోలు ప, సొప్రానోలు పైస్థాయి స అందుకోవాలి. పాట ఆగదు, ఎవరూ చెప్పరు. వేలు గుండ్రంగా తిప్పితే అదే లైను మళ్లీ, పిడికిలి మూస్తే ఆపేయడం. చివర్లో చిన్న లైనును తిప్పి తిప్పి పాడే భాగాన్ని వ్యాంప్ అంటారు. లీడ్ పాడేవాళ్లకు స్వేచ్ఛ అంతా అక్కడే. కింద మేం ఆ లైనును చెక్కుచెదరకుండా పట్టుకుంటేనే వాళ్లు పైన ఎగరగలుగుతారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలను అందరం ఒకే బాణీలో పాడుతూ పెరిగాం కాబట్టి, పక్కవాళ్ల స్వరానికి జారిపోకుండా నిలబడటం మన పిల్లలకు మొదట్లో గట్టి పరీక్షే. చెవికి అలవాటైతే వచ్చేస్తుంది.

అపోహ: గాస్పెల్‌కి వచ్చారంటే కెరీర్ అయిపోయినట్టే.

వాస్తవం: 1972 జనవరిలో సోల్ గాయని అరీతా ఫ్రాంక్లిన్ పేరు శిఖరాన ఉంది. ఆ నెల 13, 14 తేదీల్లో లాస్ ఏంజిలిస్‌లోని ఒక బాప్టిస్టు చర్చిలో సదరన్ కాలిఫోర్నియా కమ్యూనిటీ క్వాయర్‌తో రికార్డు చేసిన గాస్పెల్ ఆల్బమే ఆవిడ ఆల్బమ్‌లన్నింటిలో ఎక్కువగా అమ్ముడైంది. సోల్ గాయకుడు అల్ గ్రీన్ 1976లో మెంఫిస్‌లో సొంత సంఘం మొదలుపెట్టారు, గాస్పెల్‌కి గ్రామీ అవార్డులు అందుకున్నారు.

అయితే ఇవి పేరున్నవాళ్ల కథలు. సంఘం క్వాయర్‌లో పాడేవాళ్లకు సాధారణంగా జీతం ఉండదు. ఆర్గన్, డ్రమ్స్ వాయించేవాళ్లకు చాలా చోట్ల ఇస్తారు. మా ఆల్టోల్లో నర్సులున్నారు, స్కూల్ బస్సు నడిపే ఆవిడ ఉన్నారు. సోలో దొరుకుతుందని చేరేవాళ్లకు నేను మొదటిరోజే చెప్పేస్తాను: ముందు పార్టు నేర్చుకోండి, ప్రాక్టీసు మానకండి, సోలో ఎప్పుడనేది డైరెక్టర్ ఇష్టం.