అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టీలేనా?

శ్రీకాకుళంలో మాది గిన్నెల కొట్టు. ఈమధ్య సామాన్లకి వచ్చేవాళ్లు చిన్న అయస్కాంతం కూడా తెచ్చుకుంటున్నారు, కంచానికి ఆనించి చూసి అంటుకుంటే "ఇది నకిలీ" అని పక్కన పెట్టేస్తున్నారు.

అపోహ: అంటుకోకపోతే మంచి స్టీలు, అంటుకుంటే నకిలీ.

ఇది నమ్మే చాలామంది నష్టపోతున్నారు. స్టెయిన్‌లెస్ స్టీలులో చాలా రకాలున్నాయి, వాటికి నెంబర్లుంటాయి. 304 రకంలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి, దాన్నే 18/8 అంటారు, దానికి అయస్కాంతం అంటుకోదు, నిజమే. కానీ నికెల్ తగ్గించి మాంగనీసు పెంచిన 201, 202 రకాలకీ అంటుకోదు! అవి చవక, ఉప్పుకీ పులుపుకీ త్వరగా మచ్చలు పడతాయి. ఇక 304నే నొక్కి వంచిన చోట, అంచుల దగ్గర, కాస్త అంటుకోవచ్చు. నికెల్ లేని 430కి గట్టిగా అంటుకుంటుంది, అయినా అది అసలైన స్టెయిన్‌లెస్ స్టీలే. చాకుల సంగతి వేరు, అంచు పదునుగా నిలవాలంటే గట్టిపడే స్టీలు కావాలి, దానికి అయస్కాంతం అంటుకుని తీరుతుంది.

అందుకని అయస్కాంతం ఇంట్లో పెట్టి రండి. ఏ రకమో అడిగి బిల్లు మీద రాయించుకోండి, ఐఎస్ఐ గుర్తూ దాని పైన ఐఎస్ 14756 అనే స్టీలు గిన్నెల ప్రమాణం నెంబరూ చూడండి.

గేజు నెంబరు పెద్దదైతే మందం ఎక్కువ అనుకుంటారు. తిరగేసి చెప్పాలి, 20 గేజు కన్నా 24 గేజు రేకు పల్చన. చెంచా అయితే మెడ దగ్గర బొటనవేలితో నొక్కండి, వంగితే వద్దు.

అపోహ: ఇత్తడిలో ఏం వండినా ఆరోగ్యమే.

బుడితి మన జిల్లాదే, అక్కడి ఇత్తడి, కంచు పనికి భౌగోళిక గుర్తింపు ఉంది, ఆ పనివాళ్ల చేతిలోంచి వచ్చిన బిందె చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. కానీ కళాయి పూత లేని ఇత్తడిలో చింతపండు పులుసు, మజ్జిగచారు పెట్టకండమ్మా, పులుపుకి రాగి, జింకు కరిగి కూరలో కలుస్తాయి, కిలుం పట్టి వాంతులు కూడా కావచ్చు. వంటకి ఇత్తడి కావాలంటే కళాయి వేయించాలి, అరిగితే మళ్లీ వేయించాలి. ఆ పూత తగరం, 232 డిగ్రీలకే కరిగిపోతుంది, కాబట్టి ఖాళీ గిన్నెని పొయ్యి మీద వదలొద్దు, ఇనప పీచుతో తోమొద్దు. కంచు కంచంలో భోజనం బాగుంటుంది, కింద పడితే మాత్రం పగులుతుంది, పిల్లలున్న ఇంట్లో చూసుకోండి.

ఆవకాయ, నిమ్మకాయ పచ్చళ్లు ఎంత మంచి స్టీలు డబ్బాలోనైనా నెలల తరబడి ఉంచొద్దు, ఉప్పు, పులుపు కలిసి స్టీలుకి సన్న గుంటలు పెడతాయి. దానికి జాడీయే సరైనది.

చివరిగా మెలమైన్ ప్లేట్లు, అంటే ఒక రకం గట్టి ప్లాస్టిక్‌వి. పింగాణీలా కనిపిస్తాయి, పగలవు, దాంతో మైక్రోవేవ్‌లో పెట్టేస్తున్నారు. పెట్టకూడదు, వేడికీ పులుపుకీ అందులోని రసాయనం తిండిలోకి దిగుతుంది. సెగలు కక్కే సాంబారు వాటిలో పొయ్యకండి, జంతికలకీ బిస్కెట్లకీ వాడుకోండి. మైక్రోవేవ్ కోసమైతే బంగారు, వెండి గీతలు లేని పింగాణీ గానీ గాజు గానీ కొనండి, అడుగున మైక్రోవేవ్ సేఫ్ అని ఉందో లేదో తిప్పి చూసుకుని.